బార్టన్ హాల్ టేపు ఇల్లు చేరింది: గ్రేట్‌ఫుల్ డెడ్ ‘కార్నెల్ 5/8/77’ ఆల్బమ్

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ సంగీత బృందం అభిమానిని నిద్రలో లేపి 1977 మే 8 అన్నా చాలు, ఇథాకా ఊరు, కార్నెల్ విశ్వవిద్యాలయం, బార్టన్ హాల్ అని తడుముకోకుండా చెబుతాడు. ఆ రాత్రి కచేరీ నలభై ఏళ్ళకు, 2017 మే 5న, రైనో అనే రికార్డు సంస్థ ద్వారా ‘కార్నెల్ 5/8/77’ అనే పేరుతో అధికారికంగా విడుదలైంది. ఆ వార్త విని అభిమానులు పడిన సంబరం బయటివాళ్ళకు వింతగా కనిపించి ఉంటుంది. అది ఎవరూ వినని కచేరీ కాదు మరి. 1980ల చివరి నుంచీ దాని నకళ్ళు క్యాసెట్ల మీద చేతులు మారుతూనే ఉన్నాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో 2011 సంవత్సరానికి దానిని చేర్చుకుంది. ఇంటర్నెట్టు వచ్చాక పైసా ఖర్చు లేకుండా వినే వీలూ కలిగింది. ఇన్ని ఉన్నా మళ్ళీ కొనుక్కోవడానికి అంతమంది ఎందుకు ఉవ్విళ్ళూరారో, ఆ ఆత్రానికి తగిన సరుకు ఆల్బమ్‌లో ఉందో లేదో, ఇరవై ఏళ్ళపాటు పాత నకలు విని ఆపైన ఈ సీడీలు విన్నవాడిగా చెప్పదలచుకున్నాను.

నా చేతికి ఈ కచేరీ 1997లో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఎమ్మెస్ చదువుతున్న రోజుల్లో, మా ల్యాబ్‌లోని సీనియర్ ఒకాయన తొంభై నిమిషాల మాక్సెల్ క్యాసెట్లు రెండు నా చేతిలో పెట్టాడు. డబ్బు పుచ్చుకోలేదు, వాటికి బదులుగా రెండు ఖాళీ క్యాసెట్లు తెచ్చిమ్మన్నాడు. అట్ట మీద పాటల పేర్లు నీలం ఇంకుతో గొలుసుకట్టుగా రాసి ఉన్నాయి. కొన్ని పేర్ల మధ్య చిన్న బాణం గుర్తు ఉంది. పాట ఆగకుండా ఇంకో పాటలోకి నడిచే చోట ఆ గుర్తు పెడతారని తెలియడానికి నాకు నెల పట్టింది. అది ఎన్నో చేతి నకలో గాని, వెనక ఎప్పుడూ రేకుల మీద సన్నని వాన పడుతున్నట్టు చప్పుడు వినిపించేది. ‘నాట్ ఫేడ్ అవే’ పాట మంచి ఊపందుకున్న చోట క్యాసెట్ పక్క అయిపోయి టక్కున తెగేది. తిప్పి వేస్తే పాట ఎక్కడో మధ్యలో మొదలయ్యేది. విజయవాడలో మా పెదనాన్నగారు రేడియో పక్కన టేపురికార్డరు పెట్టి ఆకాశవాణి కచేరీలు పట్టుకునేవారు. ఆలాపన మధ్యలో టేపు అయిపోతే, అక్కడి నుంచి తానే గొంతెత్తి పూర్తిచేసి మాకు వినిపించేవారు. ఆయనను చూసి పెరిగిన నాకు, తెగిపోయిన టేపును కూడా ప్రాణంగా చూసుకునే ఈ అమెరికన్ అభిమానులు పరాయివాళ్ళుగా అనిపించలేదు.

డెడ్ బృందం తన కచేరీలను శ్రోతలు రికార్డు చేసుకుంటే అడ్డుచెప్పేది కాదు. 1984 నుంచి అలాంటివారికి హాల్లో ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. కాని బార్టన్ హాల్ టేపు జనంలో నిలబడి మైకు పట్టుకుని తీసినది కాదు. బృందంతో పాటు తిరుగుతూ ధ్వని వ్యవహారాలు చూసిన బెట్టీ కాంటర్-జాక్సన్, వేదిక మీది నుంచి వచ్చే ధ్వనిని టేపు కోసం విడిగా తూకం వేసి, నేరుగా రెండు ట్రాకుల రీళ్ళ మీదికి ఎక్కించారు. ఒక్కో వాద్యాన్ని ఒక్కో ట్రాకులో దాచుకుని తర్వాత తీరిగ్గా కలుపుకునే పద్ధతి ఇందులో లేదు. గిటారు ఎంత వినపడాలి, గొంతు ఎంత వినపడాలి అనేది ఆ క్షణంలో ఆమె చేసిన నిర్ణయమే, దానిని ఆ తర్వాత ఎవరూ మార్చలేరు. ఇంత పని చేసిన మనిషి కొన్నేళ్ళకు బృందానికి దూరమై, ఇబ్బందుల్లో పడి, తన సామాను దాచుకున్న గోదాముకు అద్దె కట్టలేకపోయారు. 1986లో ఆ సామాను వేలానికి పోయింది, రీళ్ళు కూడా దానితోనే పోయాయి. కొనుక్కున్నవారి నుంచి నకళ్ళు బయటికి వచ్చి ‘బెట్టీ బోర్డులు’ అనే పేరుతో అభిమాన లోకమంతా పాకాయి.

కాబట్టి విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. బృందం తన ఖజానాలోని పాత కచేరీలను 1993 నుంచి ‘డిక్స్ పిక్స్’ పేరిట ముప్పై ఆరు సంపుటాలుగా, 2012 నుంచి ‘డేవ్స్ పిక్స్’ పేరిట వరసగా విడుదల చేస్తూ వచ్చింది. అందరి నోటా నానే కార్నెల్ కచేరీ మాత్రం ఆ వరసలో లేదు. అసలు రీళ్ళు బృందం దగ్గర ఉంటేగా! ఆల్బమ్ విడుదలకు కొద్దికాలం ముందే అవి తిరిగి బృందం ఖజానాకు చేరాయి. అభిమానుల సంబరంలో సగం దీని గురించే. వేలంలో చేయి జారిన టేపు ఇల్లు చేరడం, దానిని తీసిన మనిషి పేరు అట్ట మీద సగౌరవంగా అచ్చుకావడం కూడా వాళ్ళకు పండగే. నాకూ అంతే.

మిగతా సగం ధ్వని గురించి. జెఫ్రీ నార్మన్ మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనికి పెట్టే తుది మెరుగు) చేసిన ఈ ముద్రణలో నన్ను మొదట ఆకట్టుకున్నది నిశ్శబ్దం. పాటకూ పాటకూ మధ్య వాద్యాలు శ్రుతి చేసుకునే చప్పుడు, హాల్లో జనం కేక, అన్నీ ఎవరి దూరంలో వారు నిలబడి వినిపిస్తాయి. రెండవది, వేగం. రీలు టేపు యంత్రంలో చక్రం ఒక్క పిసరు తడబడినా స్వరం వణుకుతుంది. నకలు తీసిన ప్రతిసారీ ఆ వణుకు పెరుగుతుంది. ఇక్కడ ప్లాంజెంట్ ప్రాసెసెస్ అనే పద్ధతిలో, రికార్డు చేసేటప్పుడు చెవికి అందని స్థాయిలో టేపు మీద మిగిలిపోయిన సంకేతం జాడను పట్టుకుని, దాని ఆధారంగా వేగాన్ని సరిదిద్దారు. దీని ఫలితం కీత్ గాడ్‌షా పియానోలో తెలుస్తుంది. నా క్యాసెట్‌లో తడి గుడ్డ కప్పినట్టు మోగిన పియానో ఇక్కడ ఒక్కో మెట్టూ విడివిడిగా పలుకుతుంది. ఫిల్ లెష్ బేస్ గిటారు అంటే అప్పటిదాకా నాకు అడుగున వినిపించే హోరు మాత్రమే. అది కింద నిలబడి తాళం కాచే వాద్యం కాదని, ముందుకు వచ్చి బృందం ప్రధాన గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియాతో సంభాషించే రెండో గిటారని ఈ సీడీలతోనే గ్రహించాను. డ్రమ్మర్లు బిల్ క్రాయిట్స్‌మన్, మికీ హార్ట్‌లలో ఎవరి దెబ్బ ఏదో కూడా ఇప్పుడు కొంతవరకు పోల్చుకోవచ్చు.

మొదటి భాగం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ‘న్యూ మింగిల్‌వుడ్ బ్లూస్’తో ఎత్తుకుని, ‘జాక్ స్ట్రా’, ‘బ్రౌన్-ఐడ్ విమెన్’ వంటి కథాగేయాలను పొందికగా, తొందర లేకుండా వాయిస్తారు. ‘రో జిమ్మీ’ మరీ నిదానం, ఆ పాట మీద ప్రేమ ఉన్నవారికి తప్ప ఓపిక పరీక్షే. డోనా జీన్ గాడ్‌షా గొంతు కొన్ని చోట్ల శ్రుతికి ఎడంగా జరుగుతుంది. ఈ శుభ్రమైన ముద్రణ ఆ లోపాన్నీ దాచలేదు, దాచకపోవడమే నాకు నచ్చింది. మొదటి భాగాన్ని ముగించే ‘డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్’ మాత్రం వేరే సంగతి. ఆ కాలపు డిస్కో నడకలోకి మార్చుకున్న పాత పాట అది. పావుగంటకు తగ్గకుండా సాగే ఆ వాయిద్యంలో, రెండవ భాగం ఎలా ఉండబోతోందో మనకు ముందే తెలిసిపోతుంది.

ఆ రెండవ భాగం కోసమే ఈ ఆల్బమ్. ముందు వరసల్లో జనం నలిగిపోతున్నారని, అందరూ ఒక అడుగు వెనక్కి వేయమని బృందంలోని మరో గిటారిస్టు, గాయకుడు బాబ్ వీర్ వేదిక మీది నుంచి చెప్పే మాట కూడా టేపులో ఉంది, దానిని తీసేయకుండా ఉంచారు. వెంటనే ‘స్కార్లెట్ బిగోనియాస్’, దానిలోంచి ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’. రెండూ కలిసి ఇరవై అయిదు నిమిషాలు దాటుతాయి. మనోధర్మ సంగీతం రుచి తెలిసిన తెలుగు శ్రోతకు ఈ జంటను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. మొదటి పాట సాహిత్యం అయిపోయాక ఎవరూ ఆగరు. గార్సియా గిటారు పాత పాట చుట్టూనే తిరుగుతుండగా, లెష్ బేస్ మెల్లగా కొత్త నడకలోకి జారుకుంటుంది. డ్రమ్ములు రెండూ దాని వెనక వెళతాయి. ఎక్కడ ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలైందో వేలు పెట్టి చూపించడం కష్టం. ‘ఫైర్’కు ఆధారం రెండే రెండు కార్డులు, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు. పదిహేను నిమిషాలపాటు ఆ రెండు కార్డుల మీద గార్సియా చరణానికీ చరణానికీ మధ్య వాయించేది, ఒకే సంగతిని మళ్ళీ మళ్ళీ ఎత్తుకుని ప్రతిసారీ ఒక మెట్టు పైకి తీసుకువెళ్ళే గాయకుడి పద్ధతికి చాలా దగ్గరగా ఉంటుంది. ఈ పోలిక నేను బలవంతంగా అంటగడుతున్నది కాదు. ఆ పాట బాణీ పుట్టింది మికీ హార్ట్, జాకిర్ హుస్సేన్ కలిసి నడిపిన దిగా రిథమ్ బ్యాండ్ 1976 ఆల్బమ్‌లోనే. హార్ట్ అంతకు ముందే ఉస్తాద్ అల్లా రఖా దగ్గర లయ పాఠాలు నేర్చుకున్నవాడు. ‘ఫైర్’ స్టూడియో రికార్డుగా జనానికి అందింది 1978లో గనుక, బార్టన్ హాల్లో ఉన్నవారిలో చాలామందికి అది ముక్కూమొహం తెలియని పాట.

తర్వాతి ‘ఎస్టిమేటెడ్ ప్రాఫెట్’ ఏడు లెక్కల మీద నడుస్తుంది. మిశ్రచాపు వేయడం అలవాటైన చేతికి తొడ మీద దెబ్బ దానంతటదే పడుతుంది. గార్సియా ఇందులో నోరు తెరిచి మూసినట్టు పలికే పెడల్ వాడాడు, ఆ గిటారు ఒక మనిషి గొంతులా సణుగుతూ వాదిస్తున్నట్టు ఉంటుంది.

మూడవ సీడీలో ‘సెయింట్ స్టీఫెన్’తో మొదలై ‘నాట్ ఫేడ్ అవే’లోకి వెళ్ళి, మళ్ళీ ‘సెయింట్ స్టీఫెన్’ను తాకి, అక్కడి నుంచి ‘మార్నింగ్ డ్యూ’లోకి దిగే గొలుసు ఎక్కడా తెగకుండా ఉంది. నా క్యాసెట్ తెగే చోటు వచ్చినప్పుడు ఇప్పటికీ చేయి ప్లేయర్ వైపు కదులుతుంది. అక్కడ నేను ఇరవై ఏళ్ళుగా సరిగా వినని కొన్ని క్షణాలు ఉన్నాయి. డ్రమ్ములు రెండూ ఒకదానినొకటి తోసుకుంటూ వేగం పెంచే చోటు అది, ఇన్నాళ్ళూ దానిని ఊహించుకునే పాట విన్నాను. ఇక ‘మార్నింగ్ డ్యూ’. కెనడా గాయని బానీ డాబ్సన్ రాసిన ఆ పాట అణుయుద్ధం తర్వాత మిగిలిన ఇద్దరి మాటలు. గార్సియా దానిని దాదాపు గుసగుసగా పాడతాడు. పాట చివర వాద్యాలన్నీ సద్దుమణిగి, ఒక్కొక్క స్వరం మాత్రమే వినిపించే స్థితికి వచ్చి, అక్కడి నుంచి అతడు తీగలన్నిటినీ వేగంగా మీటుతూ పైకి లేపుతాడు. బృందం మొత్తం అతడితో కలిసి ఎక్కుతుంది. నకలు టేపులో ఆ శిఖరం దగ్గర ధ్వని చీలి గరగరమనేది. ఇక్కడ చీలదు. చివరి దెబ్బ పడ్డాక ఒక్క క్షణం జనం ఊపిరి బిగబట్టినట్టుండి, తర్వాత కేకలు మొదలవుతాయి. ఆ ఒక్క క్షణం కోసమైనా ఈ సీడీలు కొనవచ్చని నేను మనస్ఫూర్తిగా చెబుతాను.

డెడ్ వాయించిన వేల కచేరీల్లో ఇదే అత్యుత్తమమా అంటే, నేను అవునని చెప్పను. అభిమానుల్లో ఈ తగవు ఎప్పటికీ తెగదు. ముందురోజు బోస్టన్‌లో, మర్నాడు బఫెలోలో వాయించినవే మేలనేవారు ఉన్నారు, 1972 ఆగస్టులో ఆరెగన్ రాష్ట్రంలోని వెనీటాలో జరిగిన కచేరీకి సాటి లేదనేవారూ ఉన్నారు. కార్నెల్‌కు ఇంత పేరు రావడంలో టేపు బాగుండటానికీ, అది ముందుగా, విస్తారంగా పంచబడటానికీ పెద్ద వాటా ఉంది. సైనిక కవాతుల కోసం కట్టిన హాలు, మాతృదినోత్సవం నాటి ఆదివారం, కచేరీ విడిచి బయటికి వచ్చిన జనం మీద మే నెలలో కురిసిన మంచు, ఇవన్నీ కలిసి అదొక పురాణంలా మారింది. పురాణాన్ని పక్కన పెట్టి విన్నా, ఆ రాత్రి రెండవ భాగంలో అలసట, తడబాటు, దారి తప్పడం దాదాపు లేవు. ఈ బృందం విషయంలో అది అరుదు.

కొనదలచినవారికి నా సలహా మూడు సీడీల ప్రతి. ఐదు ఎల్పీల ప్రతి చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, ‘సెయింట్ స్టీఫెన్’ నుంచి ‘మార్నింగ్ డ్యూ’ దాకా ముప్పై అయిదు నిమిషాలు దాటే గొలుసు రికార్డు ఒక పక్కన పట్టదు, మధ్యలో లేచి తిప్పక తప్పదు. క్యాసెట్ తెగుడుతో విసిగిన నాబోటివాళ్ళకు అది మళ్ళీ అదే బాధ. న్యూ హేవెన్, బోస్టన్, బఫెలో కచేరీలను కూడా కలిపి పదకొండు సీడీలుగా వచ్చిన ‘మే 1977: గెట్ షోన్ ది లైట్’ పెట్టె పదిహేను వేల ప్రతులకే పరిమితం. అది ఎక్కడైనా సరసమైన ధరకు కనిపిస్తే వదలకండి, ముఖ్యంగా మే 9 నాటి బఫెలో సీడీల కోసం. డెడ్ సంగీతం ఇంతవరకు వినని వారు మొదటి సీడీ జోలికి పోకుండా, ‘స్కార్లెట్ బిగోనియాస్’ దగ్గర మొదలుపెట్టి, ఒక అరగంట ఫోను పక్కన పెట్టి, వీలైతే చెవులకు మంచి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బేస్ గిటారును మాత్రమే వెంబడిస్తూ వినండి.