సార్ ముఖం సార్‌దిలాగే ఇచ్చిన షాపు

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి జనరల్ బజార్ వైపు నుంచి వస్తే, సందు మలుపులో ఎడమ పక్కన ఇరుకు మెట్లు కనిపిస్తాయి. మొదటి అంతస్తులో ఈ ఫోటో ఫ్రేముల షాపు. పాత ఫోటోలు బాగు చేస్తారు, ఫ్రేములు కడతారు, ఫ్లెక్సులు కొడతారు. పోయిన నెల మా ఫుట్‌బాల్ కోచ్ సార్ చనిపోయినప్పుడు నేను ఇక్కడ ఒక ఫోటో కట్టించాను, ఒక ఫ్లెక్సు కొట్టించాను. ఐదుకి ఐదు ఇస్తున్నాను. ఎందుకిస్తున్నానో చెప్పాలంటే ముందు సార్ గురించి చెప్పాలి.

సార్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. డ్యూటీ దిగి సాయంత్రం నాలుగున్నరకి మెట్టుగూడ వైపు మా గ్రౌండ్‌కి వచ్చేవారు. ముప్పై ఏళ్లకు పైగా అలాగే వచ్చారు. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి ఫీజు తీసుకోలేదు. నేను 1990లో, పద్నాలుగేళ్లప్పుడు చేరాను, రైట్ బ్యాక్ ఆడేవాణ్ని. ఇప్పుడు సర్కారు బడిలో పీఈటీని. పిల్లలతో లైన్లు గీయించేటప్పుడు నా నోట్లోంచి వచ్చే కేకలన్నీ ఆయనవే.

మా టీముకి పెద్ద పేరేమీ లేదు. అయినా గ్రౌండు ప్రహరీ గోడ మీద రోజూ ముప్పై నలభై మంది కూర్చునేవారు. రిటైరైన ఫిట్టర్లు, ఆటోవాళ్లు, క్వార్టర్స్ ఆడవాళ్లు. వాళ్లు ఏ టోర్నమెంటుకి వెళ్లినా మా వెనకే వచ్చేవారు. మ్యాచ్ ఓడిపోతే సార్‌ని ఏమీ అనేవారు కాదు, మమ్మల్ని తిట్టేవారు. సార్ సోమవారం తెల్లవారుజామున గుండెపోటుతో పోయారని తెలిసినప్పుడు ఆ గోడ మీదివాళ్లంతా ఆయన ఇంటికి వెళ్లడానికి ముందు గ్రౌండ్‌కే వచ్చారు. ఎందుకొచ్చారో వాళ్లకే తెలియదు. గేటు దగ్గర చాయ్ అమ్మే అక్క రెండు రోజులు స్టవ్ వెలిగించలేదు. సార్ బోర్లించి కూర్చునే ప్లాస్టిక్ బకెట్ ఒకటుండేది. మూడో రోజు నుంచి నాలుగున్నరకి ఆ బకెట్ మీద ఒక చాయ్ గ్లాసు పెట్టడం మొదలుపెట్టింది. పిల్లలు చిరిగిన బూట్లు లేసులతో జతలు కట్టి గోల్‌పోస్టు అడ్డకర్రకి వేలాడదీశారు. సమాధుల తోటకి తీసుకెళ్లేముందు బండిని గ్రౌండు చుట్టూ ఒక్కసారి తిప్పమని వాళ్లే అడిగారు. సార్ కూతురు సరేనంది. బండి టచ్ లైను దాటి లోపలికి రాకుండా బయట నుంచే తిరిగింది. ఆ మాట డ్రైవర్‌కి ఎవరూ చెప్పలేదు. ఆయనే అలా నడిపాడు.

మంగళవారం ఖననం. ఆ సాయంత్రానికి గేటుకి ఒక ఫ్లెక్సు కట్టారు. అది ఈ షాపు పని కాదు, వేరేచోట తొందరలో కొట్టించినది. చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. సార్‌ని తెల్లగా చేశారు. ముడతలన్నీ తీసేశారు. మెడ కింద నుంచి ఎవరిదో నీలం కోటు, టై. వెనక పావురాలు, సూర్యాస్తమయం. సార్ జన్మలో కోటు వేసుకోలేదు. అండర్ ఫోర్టీన్‌లో ఆడే ఒక అమ్మాయి దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇది మన సార్ కాదు" అని ఏడ్చింది. పోయిన మనిషిని ఇంకోసారి పోగొట్టుకున్నట్టు అనిపించింది నాకు. రాత్రికి మేమే విప్పేశాం. ఆదివారం ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ల కోసం పెట్టే ప్రార్థన, ఉంది. నాలుగు రోజుల్లో సరైన ఫోటో కావాలి.

ఉన్న ఒకే మంచి ఫోటో 1998 నాటిది, జిల్లా టోర్నమెంటు గెలిచిన రోజు తీసిన గ్రూపు ఫోటో. రెండో వరుసలో ఎడమ నుంచి మూడోవారు సార్, మెడలో విజిల్, తల మీద టోపీ. సామాన్ల గదిలో గోడకి ఇన్నేళ్లు వేలాడి చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. ఇంకో స్టూడియోలో చూపిస్తే అద్దం మీంచి పీకబోయారు, నేనే ఆపి తెచ్చేసుకున్నాను. ఈ షాపు పెద్దాయన చేతిలోకి తీసుకుని లైటు కింద పక్కకి వంచి చూసి, "దీన్ని ముట్టుకోవద్దు బాబూ. అద్దంతోనే ఉండనీ. పీకితే ముఖం అద్దానికే ఉండిపోతది" అన్నారు. అద్దంతో సహా బల్ల మీద పడుకోబెట్టి, రెండు పక్కలా లైట్లు ఏటవాలుగా పెట్టి, మెరుపు పడకుండా పైనుంచి కెమెరాతో తీశారు. ఆ పనికే గంట పట్టింది. పాత ఫోటోలు అద్దానికి అంటుకుని ఉంటే మీరూ ఇంట్లో నీళ్లూ ఆవిరీ అని ప్రయోగాలు చేయకండి. ఇలా తీయించుకోండి.

అసలు చిక్కు టోపీతో వచ్చింది. దాని నీడ కళ్ల మీద పడి, అక్కడ నలుపు తప్ప ఏమీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు ఒక బటన్ నొక్కాడు, కళ్లు వచ్చేశాయి. చక్కటి కళ్లు. నేను కూడా ఒక్క క్షణం బాగుంది అనుకున్నాను. పెద్దాయన వెనక నుంచి చూసి, "అవి ఎవరి కళ్లు?" అని అడిగారు. కుర్రాడు, "ఆటోమేటిక్‌గా వచ్చినయి సార్" అన్నాడు. "అయితే తీసెయ్. నీడల ఉన్న కళ్లు మనకి తెల్వదు. తెల్వనిది గీస్తే అది ఆయన ఫోటో కాదు." తర్వాత నా వైపు తిరిగి, ఆ రోజుల్లో తీసిన ఇంకో ఫోటో ఏదైనా ఉందా, టోపీ లేకుండా, వెలుతురు ఇదే పక్క నుంచి పడేది, అని అడిగారు. ఆయన్ని రోజూ చూసినవాళ్లని కూడా వెంట తెమ్మన్నారు.

ఉంది. నా పెళ్లి ఆల్బంలో. 2001లో సార్ నా పెళ్లికి వచ్చి అక్షింతలు వేస్తున్న ఫోటో. మూడేళ్ల తేడా, ఎడమ పక్క నుంచి వెలుతురు. మా ఆవిడ పేజీ చింపకుండా ఆల్బం మొత్తం సంచిలో పెట్టి ఇచ్చింది. కాబట్టి ఇప్పుడు గ్రౌండ్‌లో ఉన్న ఫోటోలో సార్ కళ్లు నా పెళ్లినాటివి.

గురువారం సాయంత్రం ఆరుగురం వెళ్లాం. మా బ్యాచ్ గోల్‌కీపరు, ఇద్దరు ఫార్వర్డులు, గోడ మీది రిటైర్డ్ ఫిట్టర్ ఒకాయన, చాయ్ అక్క, నేను. ఆ చిన్న గదిలో కుర్రాడి కుర్చీ వెనక నిలబడ్డాం. కుర్రాడు ముఖం పెద్దది చేసి చూపించాడు. మీసం చివర ఎంత వరకు? ఎడమ కనుబొమ్మ మీద తెల్లగా కనిపిస్తున్నది గీతా, మచ్చా? గోల్‌కీపరు వెంటనే, "అది మచ్చ, తమ్మీ. నేను కొట్టిన గోల్ కిక్ తగిలింది, మూడు కుట్లు పడ్డయి, ఉంచు" అన్నాడు. అని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఖననం రోజు అతను ఏడవలేదు. రంగు దగ్గర చాయ్ అక్క ఒప్పుకోలేదు. "ఇంకా నలుపు. ఎండల నిలవడే మనిషి. ఇంకా పెట్టు బిడ్డా" అని నాలుగుసార్లు పెట్టించింది. నాలుగోసారి "ఆఁ, గట్ల" అని కొంగు నోట్లో కుక్కుకుంది. కుర్రాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. షాపు ఎనిమిదింటికి మూయాలి, తొమ్మిదిన్నర దాకా ఉన్నారు. ఇంట్లోనూ చర్చిలోనూ నేను చూసిన సంతాపాలన్నింటికంటే ఆ గంటన్నర నాకు ఎక్కువ గుర్తుండిపోతుంది. మనిషిని మాటల్లో తలుచుకోవడం వేరు. ఇదిగో ఇక్కడ మచ్చ, ఇంత మీసం, ఈ నలుపు అని ఆరుగురు కలిసి మళ్లీ కూర్చుకోవడం వేరు.

ఒక పంచాయితీ మాత్రం వచ్చింది. మాకు నల్ల మీసం సార్ కావాలి. ఇప్పుడు ఆడుతున్న పిల్లలకి ఆ సార్ ఎవరో తెలియదు, వాళ్లకి తెల్లజుట్టు తాతే సార్. పెద్దాయన సలహాతో ఫ్రేములో 1998 ఫోటో పెట్టి, ఫ్లెక్సుకి ఆ అండర్ ఫోర్టీన్ అమ్మాయి ఫోన్‌లో తీసిన ఫోటో తీసుకున్నాం. బకెట్ మీద కూర్చుని, ఒక చేతిలో చాయ్, ఇంకో చెయ్యి ఎత్తి ఎవరి మీదో అరుస్తున్నారు. ఏమీ దిద్దలేదు. పావురాలు లేవు. కింద ఏం రాయాలో కూడా అడిగి రాశారు. చాలా షాపుల్లో ఎవరికైనా ఒకటే మూస అతికిస్తారు. ఇక్కడ "మీవాళ్లలో ఎట్ల రాస్తరు?" అని అడిగితే, సార్ కూతురు చెప్పినట్టు "ప్రభువునందు నిద్రించినారు" అని పెట్టారు.

ఇక రెండో పని. సామాన్ల గదిలో ప్లైవుడ్ ముక్క మీద సార్ టేపుతో అంటించుకున్న పాత పేపర్ కటింగ్ ఒకటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం ఫోటో. కొత్తగా చేరిన ప్రతి పిల్లాణ్నీ సార్ మొదట దాని ముందే నిలబెట్టేవారు. మన హైదరాబాద్‌లో పుట్టిన మనిషి, బడిపంతులు, హైదరాబాద్ సిటీ పోలీస్ టీముని తయారు చేసి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నమెంటు గెలిపించారు. ఇండియా టీముకి కోచ్‌గా 1951లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం అంత దూరం వెళ్లింది ఆ ఒక్కసారే. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్ కథైతే సార్ కళ్లకు కట్టినట్టు చెప్పేవారు. స్టేడియం అంతా మనకి వ్యతిరేకంగా అరుస్తోంది. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దింపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయారు.

ఏటా జూన్ 11న మాకు ప్రాక్టీసు ఉండేది కాదు, ఎడమ కాలి మ్యాచ్ ఉండేది. కుడి కాలితో కొట్టిన గోల్ లెక్కలోకి రాదు. రహీం సాబ్ అలాంటి టోర్నమెంట్లే పెట్టేవారట. ఆట మధ్యలో సార్ ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. 2020 మార్చి 20న పీకే బెనర్జీ పోయినప్పుడు, 2023 ఫిబ్రవరి 16న మన అమ్ముగూడలో పుట్టి ఆ టీములోనే ఆడిన తులసీదాస్ బలరాం పోయినప్పుడు కూడా ప్రాక్టీసు ఆపి ఆ కటింగ్ ముందు నిలబెట్టారు. బలరాం కుర్రాడిగా ఉన్నప్పుడు గ్రౌండ్‌కి రావడానికి సైకిల్ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని చెబుతూ సార్ జేబులోంచి రుమాలు తీసుకోవడం నేను చూశాను. తను ఎన్నడూ కలవని కోచ్ కోసం మా సార్ అరవై ఏళ్ల తర్వాత కూడా అలా బాధపడేవారు. అప్పట్లో నాకు అర్థం కాలేదు.

ఆ కటింగ్ ఇప్పుడు ఈ షాపులోనే ఉంది. టేపు గమ్ము కాగితంలోకి దిగి పసుపు రంగుకి తిరిగింది. పెద్దాయన దాన్ని చూసి ఫ్రేము బిల్లులో కలపలేదు. ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ తీస్తానని, తర్వాతే టేపు సంగతి చూస్తానని, తొందరపెట్టొద్దని అన్నారు. ఆ మాటే నాకు నమ్మకం కలిగించింది.

ఖర్చు చెబుతాను. ఫోటో బాగు చేసినందుకు 900, పన్నెండు పద్దెనిమిది అంగుళాల టేకు ఫ్రేము అద్దంతో 1,650, ఆరు నాలుగు అడుగుల ఫ్లెక్సు 360. గోడ మీదివాళ్లు పదీ ఇరవై వేసి జమచేసిన చిల్లర తీసుకెళ్తే విసుక్కోకుండా లెక్కపెట్టుకున్నారు. లోపాలు కూడా ఉన్నాయి. మెట్లకి పట్టుకునే కమ్మీ లేదు, పెద్దవాళ్లకి కష్టం, మా ఫిట్టర్ బాబాయిని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. బండి పెట్టే చోటు లేదు, స్టేషన్ దగ్గర పెట్టి నడవాలి. ఫ్రేము వెనక కొక్కెం ఒకటే వేశారు, బరువుకి పక్కకి ఒరిగింది. ఫోన్ చేస్తే మర్నాడు కుర్రాడే గ్రౌండ్‌కి వచ్చి రెండోది బిగించి, డబ్బులిస్తే తీసుకోలేదు. కాసేపు నిలబడి పిల్లల ఆట చూసి వెళ్లాడు. ఆదివారం షాపు ఉండదు.

ఆదరణ కూడికలో ఫోటో మీది బట్ట తీసినప్పుడు ఆ అమ్మాయి నా పక్కనే ఉంది. ఆమె ఎరగని నల్ల మీసం సార్‌ని చూసి కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత కనుబొమ్మ మీది మచ్చ చూపించి, "ఇది ఉంది" అంది.

రహీం సాబ్ కటింగ్ జూన్ 11 లోపు ఇస్తామన్నారు. సార్ ఫోటో పక్కనే మేకు కొట్టి ఉంచాను. తెచ్చుకున్నాక ఎలా వచ్చిందో ఇక్కడే రాస్తాను.