బ్లెండ్ (కొన్ని పదార్థాలు కలిపిన మిశ్రమం) అని రాసిన సప్లిమెంట్ డబ్బానా, ఏ పదార్థం ఎంతుందో దేని లెక్క దానికి రాసిన డబ్బానా?

రెండూ వాడా కాబట్టి చెప్తున్నా.

ఖర్చు: బ్లెండ్ చవకే, కాదనను. కానీ నేను కొన్నదాని మీద ముందువైపు పెద్దక్షరాల్లో 1000 మి.గ్రా. అని ఉంది, వెనక్కి తిప్పి చూస్తే అది 4 క్యాప్సూల్స్‌కట, రోజుకి నాలుగంటే 60 ఉన్న డబ్బా 15 రోజుల్లో ఖాళీ, ఇంక చవకెక్కడ?

లేబుల్: బ్లెండ్‌లో మొత్తం బరువే ఇస్తారు, ఖరీదైనది చిటికెడేసి మిగతాదంతా చవక పొడితో నింపినా మనకి తెలీదు. రెండోదాంట్లో దేని మి.గ్రా. దానికే ఉంటాయి.

శ్రమ: రెండోదానికి బ్యాచ్ నంబర్ పట్టుకుని ల్యాబ్ రిపోర్ట్ వెతకాలి, ఓపిక కావాలి. బ్లెండ్ కంపెనీని అడిగితే నాకొచ్చిన జవాబు "ఫార్ములా సీక్రెట్ అండీ" (నా ఒంట్లోకెళ్ళేది నాకే సీక్రెట్!).

రిస్క్: డోసే తెలీకపోతే డాక్టర్‌కి ఏం చెప్తాం? యూఎస్‌పీ, ఎన్‌ఎస్‌ఎఫ్ (సప్లిమెంట్లని పరీక్షించే అమెరికా సంస్థలు) ముద్రలుంటే లోపలున్నది లేబుల్‌తో సరిపోతుందో లేదో బయటివాళ్ళు చెక్ చేసినట్టు, పనిచేస్తుందని మాత్రం కాదు.

వేరే మందుల్లేవు, ఓ నెల ట్రై చేద్దాం అంటే బ్లెండ్ మీ ఇష్టం. బీపీకో షుగర్‌కో మందులు వాడుతున్నా, నెలల తరబడి వేసుకోవాలన్నా రెండోదే తీసుకోండి.