హెచ్‌సీయూలో ఉపన్యాసాలు, డాన్సు ప్రోగ్రాములు: బయటివాళ్ళు కూడా వెళ్ళండి

చందానగర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్ళే దారిలోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. మూడేళ్ళపాటు రోజూ బస్సులో ఆ గేటు ముందు నుంచే వెళ్ళాను గానీ, అది అక్కడ చదువుకునేవాళ్ళదే, మనకేం పని అనుకునేదాన్ని. లోపల జరిగే ఉపన్యాసాలకి, నాట్య ప్రదర్శనలకి చాలావాటికి ఎవరైనా వెళ్ళొచ్చని, టికెట్ కూడా ఉండదని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. అప్పట్నుంచి వీలైనప్పుడల్లా వెళ్తున్నాను. ఈ చుట్టుపక్కల ఇంత మంచి సాయంత్రం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

బాగా గుర్తుండిపోయింది ద్రావిడ భాషల మీద విన్న ఒక ఉపన్యాసం. ఆ సారు స్లైడ్లు అవీ ఏమీ వెయ్యలేదు. బోర్డు మీద ఒక పక్క చెవి, చేయి, చెడు అని రాశారు, రెండో పక్క అవే మాటలు కన్నడంలో, కివి, కై, కెడు. కాసేపు ఏమీ మాట్లాడకుండా మమ్మల్నే చూసుకోనిచ్చారు. ఎప్పుడో మూలభాషలో ఉన్న క, దాని తర్వాత ఇ, ఎ లాంటి అచ్చు వచ్చినచోట తెలుగులో చ అయిపోయిందట, కన్నడం మాత్రం పాతదాన్ని అలాగే ఉంచుకుందట. తమిళంలో సగం సగం, చెవిని వాళ్ళూ సెవి అంటారు, చెడుని మాత్రం కెడు అనే అంటారు.

చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. నా పక్కన కూర్చున్న రిటైరైన టీచరు ఒకాయన లేచి, మరి కిటికీ, కింద అన్న మాటల్లో క ఎందుకు మారలేదండీ అని అడిగారు. సారు ముఖం వెలిగిపోయింది. కిటికీ అరువు తెచ్చుకున్న మాట, కింద అసలు క్రింద, క పక్కన ర అడ్డుగా ఉంది కాబట్టి మారలేదు అని పావుగంట సేపు ఒక్కొక్క మాటా రాసి చూపించారు. ఆయన స్టూడెంటా, బయటి మనిషా అని ఎవరూ అడగలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మా అత్తయ్య పుట్టిల్లు రాయచూరు. ఇంటికొచ్చి ఇదంతా చెప్తే చెవి పట్టుకుని "కివి, చెవి" అని రెండుసార్లు తనలో తాను అనుకుని, "నలభై ఏళ్ళుగా రెండు భాషలూ మాట్లాడుతున్నానే అమ్మాయ్, ఒక్కసారి కూడా తట్టలేదు" అంది. ఈ భాషల మీద జీవితమంతా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1986 నుంచి 1993 దాకా ఇక్కడే వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు.

ఇక డాన్సు. యూనివర్సిటీలోని కళల విభాగం, సరోజినీ నాయుడు స్కూల్లో కూచిపూడి, భరతనాట్యం పీజీ కోర్సులున్నాయి, ఆ పిల్లలు చేసే ప్రదర్శనలు వదులుకోకండి. మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది, దాన్ని తీసుకెళ్ళి రెండో వరసలో కూర్చున్నాం. తరంగం అనే కూచిపూడి అంశంలో ఒక అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ముందుకు జరుగుతుంటే, ఒకచోట మృదంగం ఆగిపోయి పళ్ళెం నేలకి రాసుకునే చప్పుడొక్కటే వినపడింది. కాలివేళ్ళు అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నాయో కనపడుతోంది. టీవీలో ఎన్నిసార్లు చూసినా ఆ చప్పుడు వినలేదు. అంతకుముందు వేరే హాల్లో, పేరెందుకులెండి, ఆరింటి ప్రోగ్రాముకి వెళ్తే ఎనిమిది దాకా శాలువాలు కప్పడమే సరిపోయింది, డాన్సు మొదలయ్యేసరికి పాప నా ఒళ్ళో నిద్రపోయింది. ఆ రోజు దాని ముఖం చూసి చాలా బాధేసింది.

ఈ యూనివర్సిటీ 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కేంద్రం తెచ్చిన 1973 నాటి ఆరు సూత్రాల పథకంలో భాగంగా వచ్చింది. 1974లో మొదలైంది అబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో. ఆ రెండు పెద్ద ఉద్యమాల తర్వాత ఈ నేలకి దక్కిన చదువుల చోటు ఇది, అందుకే ఆ హాల్లో కూర్చోవడానికి మనకీ హక్కుందని అనుకుంటాను.

ఉపన్యాసాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు శాఖ సభలు తెలుగులో ఉంటాయి గానీ, సైన్సు సంగతులు కూడా నెలకొక సాయంత్రం తెలుగులో చెప్పిస్తే లింగంపల్లి, చందానగర్ నుంచి హాలు నిండా జనం వస్తారని నా గట్టి నమ్మకం.

వెళ్ళేముందు యూనివర్సిటీ వెబ్‌సైట్లో తేదీ, హాలు పేరు చూసుకోండి. డీఎస్‌టీ ఆడిటోరియం, జాకిర్ హుస్సేన్ కాంప్లెక్స్, సీవీ రామన్ ఆడిటోరియం అన్నీ వేరువేరు చోట్ల ఉంటాయి. ఏదో ఒక ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. గేటు నుంచి నడక ఎక్కువే, చిన్నపిల్లలు వెంట ఉంటే బండి మీద వెళ్ళడమే మేలు.