ఎక్సెల్‌లో పైథాన్: మిర్చి లెక్కలకు ఎంతవరకు పనికొస్తుంది

ఎక్సెల్ సెల్‌లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కలు చేయించుకునే సౌకర్యం ఇది. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్లాన్ ఇప్పటికే కడుతుంటే వాడుకోండి, మంచిదే. దీని కోసమే కొత్తగా ప్లాన్ తీసుకోవాలనుకుంటే మాత్రం నా మాట విని ఆగండి. ఐదుకి మూడు స్టార్లు ఇస్తాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. లాట్లు, బస్తాలు, తూకం, క్వింటాలు రేటు, హమాలీ, దడువాయి (తూకం వేసేవాడి) ఖర్చు, రైతుకిచ్చే తక్‌పట్టీ (అమ్మకం చీటీ), అన్నీ ఎక్సెల్‌లోనే. పైథాన్‌ను ఎక్సెల్ సెల్‌లోకి తెస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2023 ఆగస్టులో చెప్పింది, 2024 సెప్టెంబర్లో విండోస్ మీద కంపెనీ ప్లాన్లవాళ్లకు పూర్తిగా ఇచ్చింది. ఈక్వల్ కొట్టి పీవై అని టైప్ చేసి ట్యాబ్ నొక్కితే సెల్ పైథాన్‌కు మారిపోతుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పట్టికల లెక్కలకు పాండాస్, చార్టులకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ లాంటి పైథాన్ లైబ్రరీలు అనకొండ అనే ప్యాకేజీతో ముందే ఉంటాయి.

నాకు బాగా ఉపయోగపడింది మీడియన్, అంటే రేట్లన్నీ వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది. మార్కెట్లో జెండా పాట రేటే పేపర్లో వస్తుంది, పొద్దున మొదట మేలు రకం లాట్‌కు పలికే రేటు అది, సాయంత్రానికి చూస్తే చాలామంది రైతుల తక్‌పట్టీల్లో అంతకంటే తక్కువే ఉంటుంది. సగటు తీస్తే ఆ రెండు మూడు మంచి లాట్లు లెక్కను పైకి లాగేస్తాయి. మీడియన్ అయితే నడిమి రైతుకు ఎంత వచ్చిందో చెప్తుంది. ఎక్సెల్‌లో డేటాను రకాలవారీగా కూడి చూపే మామూలు పివట్ టేబుల్లో మీడియన్ లేదు, ఇన్నేళ్లయినా పెట్టలేదు ఎందుకో. పాండాస్‌లో గ్రూప్‌బై (రకాలవారీగా విడగొట్టే కమాండ్) పెట్టి మీడియన్ అంటే ఒక్క లైనులో తేజ రకానికి ఎంత, వండర్ హాట్ రకానికి ఎంత అని వచ్చేస్తుంది. పేర్ల గోల కూడా దీంతోనే తీరింది. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన చపాటా మిర్చినే తీసుకోండి, ఒకరు చపాట అని రాస్తారు, ఒకరు చపాటా అని, ఇంకొకరు టమాటా మిర్చి అని, వెనకాల ఒక స్పేస్ కూడా కొడతారు, వీటన్నిటినీ ఒక పేరుకు తేవడం నాలుగు లైన్ల పని.

ఇక ఇబ్బందులు. కోడ్ మన కంప్యూటర్లో నడవదు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో నడుస్తుంది, నెట్ లేకపోతే కొత్త లెక్క రాదు. పైగా ఆ కోడ్‌కు మన ఫోల్డర్లు కనపడవు, బయటి వెబ్‌సైట్లు కూడా అందవు. రోజుకో ఫైలు చొప్పున సీజన్ ఫైళ్లన్నీ చదివి కలిపెయ్ అంటే కుదరదు, బయటి ఫైళ్లను ఎక్సెల్‌లోకి తెచ్చే పవర్ క్వెరీతో ముందు తెచ్చుకోవాల్సిందే. ఆ పనికి నేనైతే సొంత కంప్యూటర్లో మామూలు పైథాన్ వేసుకుని పాండాస్, ఎక్సెల్ ఫైళ్లను చదివి రాసే ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో చేస్తాను. రెండూ ఉచితం, ఎక్సెల్ లేని మెషీన్‌లో కూడా నడుస్తాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లను మాత్రం ఓపెన్‌పైఎక్సెల్ తెరవదు, ఒకసారి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేసి పెట్టుకోవాలి.

ఫార్ములాలకు అలవాటు పడ్డవాళ్లను తికమక పెట్టేది వరుస. ఫార్ములా ఏ మూల రాసినా పని చేస్తుంది. పైథాన్ సెల్స్ అలా కాదు, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి నడుస్తాయి, షీట్లు కూడా ముందుది అయ్యాకే తర్వాతది. కింద తయారైన డేటాను పైన అడిగితే ఎర్రర్. డేటా లోడ్ చేసే సెల్‌ను మొదటి షీటులో మొదట పెట్టేయండి, టెన్షన్ ఉండదు.

చార్టుల్లో తెలుగు గురించి కూడా చెప్పాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావూ సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు, రకాల పేర్ల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టుకోండి, లేదా అంకెలు మాత్రం పైథాన్‌లో తీసి చార్టు ఎక్సెల్‌లోనే గీయండి. మా సేటుకు రెండోదే నచ్చింది.

ఇది వచ్చాక మాక్రోలు (ఎక్సెల్ పనులను వాటంతటవే చేయించే చిన్న ప్రోగ్రాములు) తీసేయొచ్చని అనుకునేవాళ్లున్నారు. అస్సలు కాదు. ఈ పైథాన్ లెక్క చేసి జవాబు సెల్‌లో పెడుతుంది, అంతే. షీటు రంగులు మార్చదు, ప్రింటు కొట్టదు, ఫైలు సేవ్ చేయదు. బటన్ నొక్కితే తక్‌పట్టీ ప్రింటు రావాలంటే 1993 నుంచి ఎక్సెల్‌లో ఉన్న మాక్రోల భాష వీబీఏ ఇప్పటికీ కావాల్సిందే.

రైతుల బ్యాంకు ఖాతా నంబర్లున్న కాలమ్‌లను పైథాన్ సెల్‌కు ఇవ్వకండి, రకం, తూకం, రేటు చాలు. ఫైలు ఆడిటర్‌కు పంపేటప్పుడు జవాబులను వాల్యూస్‌గా పేస్ట్ చేసి పంపండి, హన్మకొండలో ఇంకా పాత ఎక్సెల్ వాడే ఆఫీసులు బోలెడున్నాయి, అందులో ఫైలు తెరుచుకుంటుంది గానీ మళ్లీ లెక్క చేయమంటే ఎర్రర్ చూపిస్తుంది, ఫోన్ మీకే వస్తుంది.