ఆసుపత్రి కౌంటర్ పక్కన ఇచ్చే ఈఎంఐ లోను, శ్రీకాకుళంలో మా అనుభవం (5కి 1 స్టార్)

ముందే చెప్తున్నా, డాక్టరు గారి మీద నాకేం కంప్లయింట్ లేదు, నాన్న తుంటి ఆపరేషన్ బాగా చేసేరు, ఇప్పుడు కర్ర లేకుండా అరసవల్లి గుడికి వెళ్లొస్తున్నారు. ఈ రివ్యూ అంతా బిల్లు కౌంటర్ పక్కన టేబుల్ వేసుకుని కూచునే ఫైనాన్స్ వాళ్ల గురించి.

డిశ్చార్జ్ రోజు ఇంకా 96 వేలు కట్టాలన్నారు. అమ్మ గాజులు తీసి నా చేతిలో పెట్టీసింది, అది చూసి టేబుల్ దగ్గర కుర్రాడు అవేం అక్కర్లేదమ్మా జీరో ఇంట్రెస్ట్, 12 నెలలు, ఆధార్ పాన్ చాలు అన్నాడు, ఓటీపీ చెప్పీసేను, పది నిమిషాల్లో ఐపోయింది. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అని 4,700 కలిపీసేరని మొదటి మెసేజ్ వచ్చేకే తెలిసింది. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ లోనుకీ కేఎఫ్‌ఎస్ (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్) అని ఒక కాయితం ఇవ్వాలి, ఖర్చులన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటాది, అది చేతికొచ్చేకే ఓటీపీ చెప్పండి. ఇంకోటి, ఆసుపత్రి బాకీ ఆసుపత్రికీ మనకీ మధ్య ఉంటాది, లోనుగా మారిందంటే మాత్రం సిబిల్‌కి, అంటే మన అప్పుల చరిత్ర రాసుకునే రికార్డుకి, ఎక్కీస్తాది.

రెండు కిస్తీలు తప్పేయి. ఇక పొద్దున్న 6:10కి ఫోను, రాత్రి 9 దాటేక ఫోను, పలాసలో జీడిపప్పు పనికెళ్లే మా పెద్దమ్మకి కూడా చేసి మీవాళ్లు డబ్బులు ఎగ్గొట్టేరని చెప్పేరు. ఓ రోజు రాత్రి ఎనిమిదిన్నరకి ఒకతను ఇంటికే వచ్చీసేడు, నాన్న మంచం మీద జావ తాగుతున్నారు, ఆపరేషన్‌కి దొరికిన డబ్బులు కట్టడానికి దొరకవా అన్నాడు. నాన్న గ్లాసు కింద పెట్టీసేరు, ఆ రాత్రింక ఏమీ తినలేదు. ఆ గ్లాసు నేను మర్చిపోలేను.

ఆర్‌బీఐ 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది, వసూలు కోసం పొద్దున్న 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, చుట్టాల్ని, స్నేహితుల్ని లాగకూడదు, నలుగురిలో పరువు తియ్యకూడదు. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు తీసి ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టేను, 30 రోజులైనా జవాబు లేదు, అప్పుడు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్లో పెట్టేను. పైసా ఖర్చు లేదు, ఆర్‌బీఐ హెల్ప్‌లైన్ 14448కి ఫోను చేస్తే తెలుగులోనే చెప్పేరు. తర్వాత కాల్స్ ఆగిపోయాయి, కంపెనీ వాళ్లు సారీ చెప్పి లేటు ఫీజు తీసేసేరు. దీనికి మాత్రం 5కి 5.

కానీ సర్క్యులర్ సరిపోదు, చట్టం కావాలి అని నా గట్టి అభిప్రాయం. అమెరికాలో చూడండి, వైద్యం బాకీలు క్రెడిట్ రిపోర్టులో ఉండకూడదని అప్పులు తీసుకునేవాళ్ల తరఫున చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ సీఎఫ్‌పీబీ 2025 జనవరిలో రూల్ తెచ్చింది, కానీ జూలైలో దాన్ని టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కొలరాడో, న్యూయార్క్ అంతకుముందే 2023లో సొంత చట్టాలు చేసుకున్నాయి. కర్ణాటక కూడా 2025లో బలవంతపు వసూళ్ల మీద చట్టం చేసింది, పదేళ్ల దాకా జైలు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఆసుపత్రి అప్పుల మాట సభలో ఎత్తాలి, ఉద్దానం కిడ్నీ జబ్బులున్న జిల్లా మనది.

ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తాదేమో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడగండి, మేం కంగారులో అడగలేదు. మాకింకా మూడు కిస్తీలున్నాయి, అయ్యేక బాకీ లేదన్న కాయితం (ఎన్‌ఓసీ) తీసుకుని సిబిల్ చూసి ఇక్కడే రాస్తాను.