ఋణ సంఖ్యకు శేషం ఎంత? జి.ఆర్.ఇ. ‘మ్యాథ్ రివ్యూ’తో నా అనుభవం

విదేశాల్లో పి.జి. చదువుల ప్రవేశానికి రాసే జి.ఆర్.ఇ. పరీక్ష కోసం లెక్కలు మొదటినుంచి తిరగేయవలసి వచ్చిన నాకు, పరీక్షను నిర్వహించే ఇ.టి.ఎస్. సంస్థ ఉచితంగా ఇచ్చే ‘మ్యాథ్ రివ్యూ’ పాఠం ఎంతో ఇష్టమైపోయింది. అందుకు కారణం ఒక్కటే. ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నదీ అది ముందే తేల్చి చెబుతుంది. సున్న సరి సంఖ్యే గాని ధన సంఖ్యా కాదు, ఋణ సంఖ్యా కాదు. ఒకటి ప్రధాన సంఖ్య కాదు. వర్గమూలం గుర్తు వేసినప్పుడు ఋణం కాని మూలాన్నే తీసుకోవాలి కనుక √49 విలువ 7 మాత్రమే. ఒక సంఖ్య వర్గం 49 అని చెప్పినప్పుడు మాత్రం ఆ సంఖ్య 7 కావచ్చు, −7 కావచ్చు. ఎం.పి.సి. వారికి ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. ఇంటర్‌లో సి.ఇ.సి., డిగ్రీలో ఆర్థికశాస్త్రం చదివి, పదో తరగతి తర్వాత బీజగణితం జోలికి పోని నాకు మాత్రం ఈ నిర్వచనాలే ధైర్యాన్నిచ్చాయి.

ఈ పరీక్షలో వాటి విలువ రాశులను పోల్చే ప్రశ్నల్లో తెలుస్తుంది. రెండు రాశులిచ్చి మొదటిది పెద్దదా, రెండవది పెద్దదా, రెండూ సమానమా, లేక ఇచ్చిన సమాచారంతో తేల్చలేమా అని అడుగుతారు. ఒక సంఖ్యను దాని వర్గంతో పోల్చమంటే, 2 విషయంలో వర్గం పెద్దది, 1 విషయంలో రెండూ సమానం, అర విషయంలో వర్గమే చిన్నది; అందువల్ల జవాబు నాలుగవది. ఇక్కడ సూత్రాలతో పనిలేదు, ఏయే సంఖ్యలకు అవకాశం ఉందో మరిచిపోకుండా ఉంటే చాలు.

నేను ఊహించని మేలు శేషాల దగ్గర జరిగింది. సాధన కోసం డబ్బు కట్టి తీసుకున్న ఒక ప్రశ్నల సంపుటిలో, −17ను 5తో భాగిస్తే వచ్చే శేషం మొదటి రాశి, 2 రెండవ రాశి. శేషం −2 కనుక రెండవ రాశే పెద్దదని ఆ సంపుటి జవాబు చెప్పింది. పరీక్షలో తెరమీద ఇచ్చే కాలిక్యులేటర్ లాంటి దానిమీద వేసి చూస్తే −3.4 వస్తుంది, శేషం సంగతి అది చెప్పదు. ‘మ్యాథ్ రివ్యూ’ అంకగణిత భాగంలో సరిగ్గా ఇటువంటి ఉదాహరణే ఉంది. −32ను 3తో భాగించాలంటే, −32కు మించని 3 గుణిజాల్లో అన్నిటికన్నా పెద్దదైన −33ను తీసుకోవాలి. అప్పుడు భాగఫలం −11, శేషం 1. శేషం ఎప్పుడూ సున్నకు తగ్గదు, భాజకాన్ని చేరదు. ఆ లెక్కన −17కు తీసుకోవలసిన గుణిజం −20, శేషం 3, మొదటి రాశే పెద్దది. అంటే సంపుటి ఇచ్చిన జవాబు తప్పు.

ఆ నియమం ఎందుకలా ఉండాలో వారాల లెక్కతో నాకు స్పష్టమైంది. ఈ రోజు సోమవారమైతే 17 రోజుల కిందట ఏ వారం? −17ను 7తో భాగిస్తే −21 దగ్గర ఆగాలి, శేషం 4. సోమవారం నుంచి నాలుగు రోజులు ముందుకు లెక్కపెడితే శుక్రవారం. వెనక్కి ఒక్కొక్క రోజే లెక్కపెట్టినా శుక్రవారమే వస్తుంది. గతానికీ భవిష్యత్తుకూ ఒకే నియమం పనిచేయడం చూసినప్పుడు కలిగిన సంతోషం మార్కులతో సంబంధం లేనిది. ఋణ సంఖ్యల శేషాలు పరీక్షలో తరచుగా వస్తాయని నేను అనను. కానీ ఆ తర్వాత ఏ జవాబుపట్టికనైనా నిర్వచనంతో సరిచూడకుండా నమ్మలేదు.

అన్నీ తేల్చి చెబుతుందన్న నా మాట అంకగణితం, బీజగణితం, రేఖాగణితం వరకు నిలుస్తుంది. దత్తాంశ విశ్లేషణకు వచ్చేసరికి ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత, సామాన్య విభాజనం వెంటవెంటనే వచ్చిపడతాయి. ప్రామాణిక విచలనానికి అంశాల సంఖ్యతో భాగించాలని, ప్రతిచయనానికైతే, అంటే మొత్తంలోంచి ఎంచుకున్న నమూనాకైతే, ఆ సంఖ్యలోంచి ఒకటి తగ్గించి భాగిస్తారని చదివాక, ఆ ఒకటి ఎందుకు తగ్గించాలో అర్థం చేసుకోవడానికి నేను డిగ్రీ నాటి గణాంకశాస్త్రం నోట్సు తీయవలసి వచ్చింది. అభ్యాసాలు కూడా నాబోటి వారికి చాలవు. శాతాలు, నిష్పత్తులు, చక్రవడ్డీ చేతికి అలవాటు కావడానికి మన ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టుకున్నాను. త్రికోణమితి ఈ పరీక్షలో ఉండదు కనుక ఆ అధ్యాయాలను వదిలేశాను.

వేగం మరో సంగతి. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించిన తర్వాత గణితంలో రెండు విభాగాలు కలిపి 27 ప్రశ్నలకు 47 నిమిషాలే ఇస్తున్నారు. నింపాదిగా చదివించే ఈ పాఠం ఆ వేగాన్ని నేర్పదు, దానికి గడియారం పెట్టుకుని చేసే నమూనా పరీక్షలే దారి.

ఇంజనీరింగ్ చదివినవారు పూర్ణాంకాల భాగం, చివరి దత్తాంశ భాగం చూసుకుంటే సరిపోతుందేమో. ఆర్ట్స్, కామర్స్ నుంచి వచ్చి, ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదువుకునేవారు మొదటి పుట నుంచి వరుసగా చదవడమే మంచిదని నా అనుభవం. నాకు పరీక్ష తేదీ తొందర లేదు. రెండు వారాల్లో పరీక్ష రాయవలసినవారికి ఇదే సలహా ఇవ్వడానికి మాత్రం వెనకాడతాను.