బక్ 110 క్లాసిక్, ఎల్‌టీ, స్లిమ్: వాడి చూశాక నా మాట

అమెరికన్ కంపెనీ బక్ చేసే మడతచాకు బక్ 110 కొందామని వెదికితే ఒకే పేరుతో అరడజను చాకులు ఎదురవుతాయి. క్లాసిక్, ఎల్‌టీ, స్లిమ్ సెలెక్ట్, స్లిమ్ ప్రో, మీట నొక్కితే తెరుచుకునే ఆటో. ఫొటోల్లో బ్లేడు అన్నిటికీ ఒకేలా కనిపిస్తుంది, ధరలకు మాత్రం పొంతన ఉండదు. నా దగ్గర క్లాసిక్ ఏళ్ల తరబడి ఉంది. తర్వాత స్లిమ్ ప్రో తీసుకున్నాను. సెలెక్ట్ మా ఆవిడ మొక్కల సామాను బుట్టలో ఉంటుంది. ఎల్‌టీ మా బావమరిదిది, కానీ పెరటిపని ఉన్న వారాంతాల్లో అది నా చేతిలోనే ఎక్కువ తిరుగుతుంది. ఆటో ఒక్కటే నేను షాపులో తెరిచి చూడటం తప్ప వాడింది లేదు. మాది డాలస్ శివారు. పెరట్లో సొరపాదు, బీరపాదు, గోంగూర, డ్రిప్ పైపులు; గరాజ్ నిండా అట్టపెట్టెలు. వేటకు వెళ్లేవాడిని కాదు కాబట్టి నేను చెప్పేదంతా ఈ పనుల మీద నుంచే.

ముందు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చెబుతాను. బ్లేడు పొడవు 3.75 అంగుళాలు, అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. మొన దగ్గర వెన్ను లోపలికి వంపు తిరిగి సన్నబడుతుంది, అంచు బోలుగా అరగదీసి ఉంటుంది. ఒక్క ఆటో తప్ప మిగతావన్నీ లాక్‌బ్యాక్‌లే: తెరవగానే పిడి వెన్నులో ఉన్న కడ్డీ బ్లేడు మొదట్లోని గాడిలో టక్కున పడుతుంది. అది నొక్కితే తప్ప బ్లేడు వెనక్కి మడవదు. 1964లో శాన్ డియేగోలో కంపెనీ నడిపిన ఆల్ బక్ ఈ చాకును అమ్మకానికి తెచ్చినప్పుడు, మడతచాకు కూడా పిడి కదలని వేటకత్తిలా గట్టిగా నిలబడాలన్నదే ఉద్దేశం. ఆ తర్వాత ఇదే అచ్చులో చాకు చేయని కంపెనీ అరుదు. ఫ్యాక్టరీ 2005లో ఐడహోలోని పోస్ట్ ఫాల్స్‌కు మారింది, 110లు ఇప్పటికీ అక్కడే తయారవుతాయి.

క్లాసిక్ చేతిలోకి తీసుకోగానే తెలిసేది బరువు. 7.2 ఔన్సులు, అంటే 200 గ్రాముల పైమాటే. రెండు చివర్లా ఇత్తడి, మధ్యలో నల్లటి చెక్క. జేబులో వేసుకుంటే ప్యాంటు ఒక పక్కకు జారుతుంది, అందుకే తోలు ఒర ఇస్తారు, బెల్టుకు తగిలించుకోవాలి. బెల్టు పెట్టుకోని రోజు చాకు ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంట్లో షార్ట్స్‌తో తిరిగే మనబోటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ పనిలో ఆ బరువే కలిసొస్తుంది. కార్పెట్ పాత ముక్కలు కోసేటప్పుడు, ముదిరిన సొరతీగ మొదలు దగ్గర తెంపేటప్పుడు, మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు) బస్తాలు వరసగా చీల్చేటప్పుడు అరచేతి నిండా పిడి ఉండాలి. క్లాసిక్ పిడి నిండుగా, గుండ్రంగా ఉంటుంది. గంటసేపు కోసినా చేతికి ఒరుసుకోదు. స్లిమ్‌లు పేరుకు తగ్గట్టు పలచన. అట్టపెట్టెలు నాలుగు కోసేదాకా బాగుంటాయి, పని సాగేకొద్దీ వేళ్ల మొదళ్లలో నొక్కుకుంటుంది. పెద్ద చేతులున్నవాళ్లకు ఈ తేడా ఇంకా తెలుస్తుంది. వేళ్లు కుదురుకునేలా పిడికి గాళ్లు తీసిన క్లాసిక్ రకం కూడా ఉంది. ఆ గాళ్లు మీ వేళ్ల ఎడానికి సరిపోతే హాయి, లేకపోతే ఇబ్బంది. చేత్తో పట్టుకుని చూడకుండా ఆన్‌లైన్లో ఆర్డర్ చేయొద్దనే చెబుతాను.

క్లాసిక్ తెరవడానికి రెండు చేతులు కావాలి. బ్లేడు మీద గోరు దూరేంత గాడి ఉంటుంది, అందులో బొటనవేలి గోరు పెట్టి లాగాలి. ఒక చేత్తో పాదు పట్టుకుని రెండో చేత్తో చాకు తెరవాలంటే కుదరదు. ఎల్‌టీ కూడా అంతే. స్లిమ్ సెలెక్ట్, స్లిమ్ ప్రోలకు బ్లేడుకు రెండు పక్కలా చిన్న బొడిపెలు ఉంటాయి, బొటనవేలితో తోస్తే తెరుచుకుంటుంది, ఎడమచేతివాళ్లకూ అంతే సులువు. పైగా జేబు అంచుకు తగిలించుకునే క్లిప్ ఉంది. సెలెక్ట్ బరువు 3 ఔన్సుల లోపే, అంటే జేబులో ఉందన్న సంగతి కూడా గుర్తుండదు. రోజూ వాడేవాళ్లకు నా దృష్టిలో ఇక్కడే విషయం తేలిపోతుంది. ఎంత మంచి చాకైనా పని పడినప్పుడు దగ్గర లేకపోతే లేనట్టే. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది సెలెక్టే, అందరూ ముచ్చటపడేది క్లాసిక్‌ని.

ఎల్‌టీ వీటన్నిటిలో చవక. బ్లేడు క్లాసిక్‌దే, ఉక్కు అదే, పిడి మాత్రం గాజునార కలిపిన నైలాన్. ఒర కూడా తోలు కాదు, గుడ్డది. బరువు క్లాసిక్‌లో సగం. చూపుకు ఆటవస్తువులా ఉంటుందని చాలామంది పక్కన పెడతారు. తడిపనికి మాత్రం నేను దాన్నే తీసుకుంటాను. డ్రిప్ పైపులు మార్చేటప్పుడు బురద, నీళ్లు, చెమట. చెక్క ఉబ్బుతుందన్న బెంగ లేదు, ఇత్తడి నల్లబడుతుందన్న దిగులు లేదు, కుళాయి కింద పట్టి కడిగేయొచ్చు. ఇంకో సంగతి, టెక్సస్ ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు: జూలైలో క్లాసిక్‌ని కంచె మీద పెట్టి పది నిమిషాలు మరిచిపోతే ఆ ఇత్తడి పట్టుకోలేం. నైలాన్ పిడికి అంత బాధ లేదు.

ఇక ఉక్కు. ఎక్కువమంది తర్జనభర్జన పడేది ఇక్కడే. క్లాసిక్, ఎల్‌టీ, సెలెక్ట్ మూడింటిలోనూ 420హెచ్‌సీ. కాగితం మీద ఇది మామూలు ఉక్కే. కానీ ఉక్కును కాచి చల్లార్చే పద్ధతిలో చాలా ఉంటుంది. బక్ వాళ్లు ఆ పనిలో నిపుణుడైన పాల్ బాస్ రూపొందించిన హీట్ ట్రీట్‌మెంట్‌తో దాన్ని గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేల్ మీద 58 దరిదాపులకు తీసుకొస్తారు. ఇదే ఉక్కు పేరు చెప్పుకునే చవక చాకుల్లో ఈ గట్టిదనం ఆశించలేం. ప్రోలో ఉన్నది ఎస్30వి. 2001లో క్రూసిబుల్ సంస్థ చాకుల కోసమే తెచ్చిన ఉక్కు ఇది. ఇందులో కార్బన్ 1.45 శాతం, వెనేడియం 4 శాతం. ఆ వెనేడియం కార్బన్‌తో కలిసి ఉక్కు లోపల అతి గట్టి రేణువులుగా మారుతుంది. అంచు తొందరగా అరగనిది వాటివల్లే.

వాడకంలో ఈ తేడా నిజమే. అట్టపెట్టెలు పదునును తినేస్తాయి, ఎందుకంటే అట్టలో దుమ్ము, ఇసుక ఉంటాయి. ఒక మధ్యాహ్నమంతా పెట్టెలు చీల్చితే 420హెచ్‌సీ బ్లేడు సాయంత్రానికి టమాటా తోలు మీద జారుతుంది. ఎస్30వి అదే పని చేశాక కూడా కాగితాన్ని నిలువునా కోస్తుంది. అయితే మొద్దుబారినప్పుడు కథ తిరగబడుతుంది. 420హెచ్‌సీకి మామూలు సానరాయి చాలు, ఒక్కో పక్క కాసేపు పట్టిస్తే మళ్లీ తయారు. అవసరమైతే సిరామిక్ కప్పు అడుగున ఉండే గరుకు అంచు మీద నాలుగుసార్లు లాగినా పని నడుస్తుంది. ఎస్30వి అలా లొంగదు. వెనేడియం రేణువులు మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టివి. రాయి అరుగుతుంది, పదును అంతంతమాత్రంగానే వస్తుంది. డైమండ్ ప్లేటు కొనాల్సిందే, కోణం తప్పకుండా ఓపిగ్గా కూర్చోవాల్సిందే. అందుకే ఎవరైనా ప్రో కొనమంటారా అని అడిగితే, సాన ఎవరు పడతారని తిరిగి అడుగుతాను. సాన పట్టే అలవాటు లేనివాళ్లకు సెలెక్ట్ చాలు. మిగిలిన డబ్బుతో మంచి సానరాయి వస్తుంది.

ఇలాంటి చాకుల్ని హెవీ డ్యూటీ అంటుంటారు, ఆ మాటను అందరూ ఒకేలా తీసుకోరు. ఈ చాకు గట్టిదే, కానీ గడ్డపలుగు కాదు. బోలుగా అరగదీసిన అంచు సన్నం కాబట్టే అంత సాఫీగా తెగుతుంది. పెయింట్ డబ్బా మూత ఎత్తడానికి మొన దూర్చితే విరగొచ్చు. కట్టెలు చీల్చడానికి వెన్ను మీద సుత్తితో కొడితే ఆ దెబ్బంతా లాక్ మీద, ఇరుసు మీద పడుతుంది. అలాంటి పనులకు మడతచాకు జోలికే పోకూడదు.

లాక్ విషయంలో ఒక జాగ్రత్త. గాడిలో జేబుదూది, ఎండిన ఆకుముక్క, మట్టి చేరితే కడ్డీ పూర్తిగా దిగదు. తెరిచినప్పుడు వినిపించే టక్ శబ్దం మెత్తబడిందంటే అదే కారణం అనుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లు, పళ్లపుల్ల, ఆరాక ఒక చుక్క మినరల్ ఆయిల్. మందుల షాపులో విరేచనానికి అమ్మే మినరల్ ఆయిలే ఇది, కూరగాయలు కోసినా భయం లేదు. మనవాళ్ల చెయ్యి ముందు కొబ్బరినూనె మీదికే పోతుంది. అది 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గడ్డకడుతుంది, జనవరిలో గరాజ్‌లో ఉన్న చాకు తెరవాలంటే బలం పెట్టాల్సి వస్తుంది. బ్లేడు తెరిచి ఉన్నప్పుడు పైకీ కిందికీ సన్నటి కదలిక ఉంటే కంగారు పడొద్దు, లాక్‌బ్యాక్‌లలో అది మామూలే. పక్కకు ఊగితే మాత్రం ఆలోచించాలి.

ఇత్తడి సంగతి. కొత్తలో బంగారంలా మెరుస్తుంది, నెలలు గడిచేసరికి గోధుమరంగు, ఆపైన నలుపు. కొంతమందికి ఆ పాతబడ్డ రంగే ఇష్టం. నేనూ అలాగే వదిలేశాను. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు వంటింటి గట్టు మీద దాన్ని చూసి, "ఏంటి బాబూ, ఇత్తడిని ఇలా వదిలేశారు?" అని పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పి తీసుకుని వేలితో రుద్దడం మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో పిప్పి నల్లబడింది, కింద పసుపురంగు తేలింది. "చెక్కకు తగలనీయకండి అత్తయ్యా" అంటే, "దీపపు కుందులు తోమిన చెయ్యి బాబూ ఇది" అన్నారు. పద్ధతి నిజంగా బాగా పనిచేస్తుంది. చింతపండులోని పులుపు ఆ నల్లటి పొరను కరిగిస్తుంది. పిప్పిని చెక్క అంచుకు, ఇరుసుకు చేరనీయకుండా, వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఇండియన్ స్టోర్‌లో దొరికే పీతాంబరి కూడా పనికొస్తుంది, కాకపోతే పొడి సందుల్లో ఇరుక్కుంటుంది.

ఆటో కొనాలనుకునేవాళ్లు ముందు తమ రాష్ట్రం చట్టం చూసుకోవాలి. మీట నొక్కితే తెరుచుకునే చాకుల మీద నిషేధాన్ని టెక్సస్ 2013లో ఎత్తేసింది. కాలిఫోర్నియాలో అలాంటి చాకు బ్లేడు రెండు అంగుళాలు, ఆపైన ఉంటే జేబులో వేసుకు తిరగడం నేరం. మామూలు 110కి టెక్సస్‌లో ఇబ్బంది లేదు, ఇక్కడ కొన్ని చోట్లకు తేకూడదన్న ఆంక్షలు 5.5 అంగుళాలు దాటిన బ్లేడుకే. ఫెడరల్ భవనాల సంగతి వేరు. చట్టం మినహాయించేది 2.5 అంగుళాల కంటే చిన్న బ్లేడున్న జేబుచాకునే. గ్రీన్‌కార్డు బయోమెట్రిక్స్‌కి వెళ్లే రోజు జేబు ఒకసారి తడుముకోండి, ముఖ్యంగా స్లిమ్ వాడేవాళ్లు, ఎందుకంటే అది ఉన్నట్టే తెలియదు. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ వద్దు, చెక్-ఇన్ సామానులో ఒరలో పెట్టి సర్దాలి.

పాతది కొనడం కూడా మంచి దారే. గరాజ్ సేల్స్‌లో క్లాసిక్‌లు తరచూ కనిపిస్తాయి. బ్లేడు మొదట్లో బక్, 110, యూఎస్‌ఏ అన్న ముద్రలు చూడండి. 1986 నుంచి నెంబరు పక్కన ఏడాదికొక గుర్తు కొడుతున్నారు, దాన్నిబట్టి వయసు చెప్పొచ్చు. 1980 దశకం మొదటి వరకు వచ్చినవాటిలో 440సి ఉక్కు ఉండేది, వాటిని వెతుక్కుని కొనేవాళ్లున్నారు. సాన పట్టీ పట్టీ బ్లేడు వెడల్పు తగ్గిపోయిందేమో కొత్తదాని ఫొటో పక్కన పెట్టి చూసుకోండి. మూసినప్పుడు మొన పిడిలో పూర్తిగా మునగాలి. పైకి తేలి ఉంటే ఎవరో విరిగిన మొనను అరగదీశారని అనుమానించాలి. లాక్ వేసి, అంచు మీకు దూరంగా ఉండేలా పట్టుకుని, వెన్నును మెల్లగా అరచేత్తో నొక్కండి. కడ్డీ జారితే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.